గొలుసు ప్రార్థన

పుంగనూరు,
జూన్ 9.

కుప్పంలో ఉన్న అత్తకు, పుంగనూరు మేనకోడలు కెజియా వందనాలతో రాస్తున్నది.

ముందు శుభవార్త. ఈ ఏడాది మన సంఘం యౌవనస్థులకు సెక్రటరీని నేనే. ఆడపిల్లకు ఈ బాధ్యత ఇవ్వడం ఇదే మొదటిసారని పాస్టరుగారు ఆదివారం ఆరాధనలో చెబుతుంటే, నాన్న తన పేరే పిలిచినట్టు లేచి నిలబడ్డాడు. అమ్మ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. ఫోనులో చెబుదామనుకున్నాను గానీ, పోయినసారి "బాగుండావా అత్తా" అంటే నీకు వినబడక "ఎవురికి బాగలేదు?" అని కంగారుపడిపోయావు. నీ చెవులతో పోట్లాడేకంటే ఉత్తరమే నయం. నువ్వు హాస్టల్ వార్డెనుగా ఉన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం మా అందరిచేతా ఇళ్లకు ఉత్తరాలు రాయించేదానివి. సగం పేజీ రాస్తే ఒప్పుకునేదానివి కాదు. ఆ పాపం ఇప్పుడు నీకే చుట్టుకుంది, చదువుకో.

మే నెలలో మదనపల్లెలో మూడు రోజులు యువ నాయకత్వ శిక్షణకు వెళ్లొచ్చాను. ఒక ఫైలు, ఒక పెన్ను, మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. ఆ కార్డు ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు తీయలేదని అమ్మ నవ్వుతోంది. డీఎస్సీకి చదవడం, సాయంత్రం ట్యూషన్లు పోను మిగిలిన సమయమంతా యూత్‌కే. హాజరు పుస్తకం పెట్టాను. ఆలస్యంగా వచ్చినవాళ్లు నిలబడి ఒక పాట పాడాలి. అన్నిటికంటే బాగా జరుగుతున్నది శనివారం సాయంత్రం గొలుసు ప్రార్థన. గుండ్రంగా కూర్చుని, కళ్లు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరం పైకి ప్రార్థిస్తాం. నా వంతు వస్తే ఎవరూ దగ్గను కూడా దగ్గరు. "అక్క ప్రార్థన సేస్తాంటే ముందర బస్సు పోయేది గూడా తెలీదు" అని మా కీబోర్డు యువరాజ్ అన్నాడు. అది పొగడ్తో ఎగతాళో ఇంకా తేల్చుకోలేదు.

ఇంకో సంగతి. సింధూజ అని ఇరవై ఏళ్ల పిల్ల ఉంది. మదనపల్లెలో నర్సింగ్ రెండో సంవత్సరం. రోజూ పొద్దున బస్సుకు వెళ్లొస్తుంది. మొన్న కూడిక అయ్యాక నన్ను చర్చి వెనక్కి తీసుకెళ్లి ఏడ్చింది. ఫిబ్రవరి నుంచి కాలేజీకే పోవడం లేదట! టమాటా మార్కెట్లో కాయలు ఏరే పనికి పోతోందట. వాళ్లమ్మ కృష్ణవేణి ఆంటీ, అంగన్‌వాడీ టీచరు, పాపం రోజూ క్యారియర్ కట్టి బస్సెక్కిస్తోంది. "ఎవురికీ సెప్పొద్దక్కా" అనింది. నీకు రాస్తే ఎవరికో చెప్పినట్టు కాదు కదా. పదవిలోకి వచ్చి నెల తిరక్కముందే పిల్లలు నన్నింతగా నమ్ముతున్నారంటే దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా చాలవు.

నీ కెజియా


కుప్పం,
జూన్ 17.

కెజియాకు ఈశ్వరమ్మత్త దీవెనలు.

ఉత్తరం అందింది. రెండు పేజీలూ నిండుగా రాశావు, అందుకు నూటికి నూరు మార్కులు. ఎవరూ దగ్గను కూడా దగ్గరని రాశావే, ఎవరు దగ్గేది ఎవరు దగ్గనిది నీకెట్లా తెలుసు? కళ్లు మూసుకుని ప్రార్థిస్తూ చెవులు మాత్రం తెరిచిపెట్టావన్నమాట. ఊరికే అన్నాను, ఉడుక్కోకు.

మీ నాన్న లేచి నిలబడటం చదివి ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. వాడు చిన్నప్పుడు సండేస్కూల్లో వాక్యం చెప్పమంటే బెంచీ కింద దూరేవాడు. నా తమ్ముడి కూతురు సంఘంలో పిల్లల్ని నడిపిస్తోందంటే, ఇన్నాళ్లు బతికినందుకు దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఈశ్వరమ్మ అనే పేరు మార్చుకోకపోతే దేవుడు నన్ను గుర్తుపట్టడని అప్పట్లో కొందరు భయపెట్టారు. గుర్తుపట్టాడు చూడు.

ఫైలూ కార్డూ సరే. రానివాళ్ల ఇళ్లకు వెళ్లు. వచ్చేవాళ్లు ఎలాగూ వస్తారు.

ఆ సింధూజ సంగతి చదివి మనసు పాడైంది. కన్నతల్లి కట్టిన క్యారియర్ తీసుకుని మార్కెట్‌కు పోతుంటే ఆ పిల్లకు మాత్రం సుఖంగా ఉంటుందా? ప్రార్థనలో పెట్టు. నేనూ పెడతాను. ఎందుకు మానేసిందో తెలిస్తే రాయి.

ఈశ్వరమ్మత్త


పుంగనూరు,
జూలై 7.

అత్తకు వందనాలు.

ఈసారి రెండు పేజీలు రాయలేను. మనసు బాగాలేదు.

నిన్న శనివారం గొలుసు ప్రార్థనలో సింధూజ కోసం ప్రార్థించాను. అంతే, నేను చేసిన నేరం అదే. ఆ పొద్దు సింధూజ రాలేదు. తర్వాత ఏడు గంటలకు స్త్రీల కూడిక ఉంది. కృష్ణవేణి ఆంటీ పెందలాడే వచ్చి వాకిట్లోనే చెప్పులు విడుస్తూ నిలబడిందట. కళ్లు మూసుకున్నదాన్ని, నాకెలా తెలుస్తుంది? ఆమేన్ అని కళ్లు తెరిస్తే ఆమె వాకిలి పట్టుకుని ఉంది. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది.

ఇంట్లో తల్లీకూతుళ్లకు పెద్ద గొడవైంది. ఈ పొద్దు తెల్లవారేసరికి సింధూజ మదనపల్లెకు వెళ్లిపోయింది. మార్కెట్లో తనతోపాటు పనిచేసే ఒకామె ఇంట్లో ఉంటుందట. "బాగుండాను" అని తల్లికి ఒక మెసేజ్ పెట్టి ఫోన్ కట్టేసింది. ఈ పొద్దు ఆరాధనకు కృష్ణవేణి ఆంటీ రాలేదు. ఊరంతా నన్నే చూస్తున్నట్టుంది.

నేను ఎవరి దగ్గరా కూర్చుని చాడీలు చెప్పలేదు. దేవునితో మాట్లాడాను. ప్రార్థనలో పెట్టమన్నది కూడా నువ్వే. ఇందులో నా తప్పేముందో నువ్వే చెప్పు.

కెజియా


కుప్పం,
జూలై 14.

కెజియా,

అడిగావు కాబట్టి చెబుతాను.

ప్రార్థనలో పెట్టమన్నది నేనే. ఎందుకు మానేసిందో తెలిస్తే రాయి అని కూడా అన్నాను. దానిలో సగం ప్రేమ, సగం ముసలిదాని కుతూహలం. నా వాటా నేను ఒప్పుకున్నాను. ఇక నీ వాటా చూద్దాం.

సింధూజ పేరు చెప్పావా? మార్కెట్ అన్నావా? ఫిబ్రవరి నుంచి అన్నావా? క్యారియర్ సంగతి కూడా చెప్పావా? ఇవన్నీ దేవుడికి తెలియవనుకున్నావా? ఆయనకు చెప్పడానికి గొంతెత్తాల్సిన పనేముంది? ఆయనకేమైనా నాలాగా చెవుడా?

ఇంట్లో ఒక్కదానివే తలుపేసుకుని ఇదే ప్రార్థన చేసి ఉంటే ఎన్ని నిమిషాలు చేసేదానివి? శనివారం అందరి ముందూ ఎన్ని నిమిషాలు చేశావు? ఈ రెండు లెక్కలూ నాకు పంపక్కరలేదు. నువ్వు చూసుకో చాలు.

వాకిట్లో ఆమె ఉందని నీకు తెలియదు, నిజమే. కానీ లోపల కూర్చున్న పదిమందీ నీకు తెలుసు కదా. వాళ్లకు చెప్పొచ్చని సింధూజ నీకు ఎప్పుడు చెప్పింది?

గట్టిగా రాస్తున్నానని బాధపడతావు. నువ్వు నా దగ్గర ఆరేళ్లు పెరిగావు. నీ మీద కోపం వచ్చినప్పుడు నిన్ను పస్తు పడుకోబెట్టలేదు, ఇప్పుడూ పెట్టను. తిను, నిద్రపో, తర్వాత నిజం రాయి.

ఈశ్వరమ్మత్త


పుంగనూరు,
ఆగస్టు 4.

అత్తా,

మూడు వారాలు రాయలేదు. మొదటి వారం నీ మీద కోపం. రెండో వారం నీ ఉత్తరం చింపేద్దామని తీసి మళ్లీ చదివాను. మూడో వారం ఏం రాయాలో తెలిసింది గానీ చెయ్యి కదల్లేదు.

నువ్వు అడిగినవన్నీ చెప్పాను. పేరు, మార్కెట్, ఫిబ్రవరి, క్యారియర్, అన్నీ. ఇంట్లో అయితే అర నిమిషం చేసేదాన్ని. ఆ పొద్దు ఎనిమిది నిమిషాలు చేశానని యువరాజ్ చెప్పాడు, వాడు గడియారం చూశాడట.

ఇంకో నిజం నువ్వు అడగలేదు. అయినా రాస్తాను. సింధూజ నాకు ఆ మాట చెప్పిన రోజు నుంచి అది నా నోట్లో నిలవలేదు. ఆమె బాధ గురించి కాదు అత్తా. ఇంత పెద్ద సంగతి నా దగ్గరకే వచ్చిందని నలుగురికీ తెలియాలని. నామీద ఆ పిల్లకు ఎంత నమ్మకమో చూడండని. బయట చెబితే చాడీ అవుతుంది, ప్రార్థనలో చెబితే భక్తి అవుతుంది. చెబుతున్నప్పుడు నా గొంతు వణికింది. ఆ వణుకు నాకే బాగా నచ్చింది. ఇది రాస్తుంటే సిగ్గుతో ముఖం కాలిపోతోంది.

నీకు జూన్‌లో రాసిన ఉత్తరం కూడా అదే. ఎవరికీ చెప్పొద్దన్న మాటను స్టాంపు అంటించి మరీ పంపాను.

సెక్రటరీ పని నావల్ల కాదు. రాజీనామా రాసి పెట్టుకున్నాను, నెలాఖరులో పాస్టరుగారికి ఇస్తాను. మూడు రోజులు శిక్షణ ఇచ్చినవాళ్లు కూడా ఎలా మాట్లాడాలో నేర్పారు గానీ ఎప్పుడు ఊరుకోవాలో నేర్పలేదు. వాళ్లను అని లాభం లేదులే, నేర్పినా ఆ పొద్దు నేను రాసుకునేదాన్ని కాదు.

గట్టిగా రాసినందుకు నీకు కృతజ్ఞతలు. ఇక్కడ అందరూ నన్ను చూసి మెత్తగా మాట్లాడుతున్నారు. అది ఇంకా కష్టంగా ఉంది.

కెజియా


కుప్పం,
ఆగస్టు 11.

నా తల్లీ కెజియా,

నీ ఉత్తరం చదివి దాన్ని బైబిల్లో పెట్టుకోలేదు, పెట్టెలో అడుగున దాచాను. ఎవరి చేతికీ దొరకకూడదని. ఇంత నిజం రాసినందుకు నేను నీకు రుణపడ్డాను. ఆ రుణం ఈ ఉత్తరంలో తీర్చుకుంటాను. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

ఇరవై ఎనిమిదేళ్ల కిందట హాస్టల్లో మాలతి అని ఏడో తరగతి పిల్ల ఉండేది. రామకుప్పం పక్క పల్లె. పొలం గట్టు తగాదాలో వాళ్ల నాన్న జైలుకు పోయాడు. వాళ్లమ్మ వచ్చి నాకొక్కదానికే ఆ మాట చెప్పి, బిడ్డను జాగ్రత్తగా చూసుకోమని నా చేతులు పట్టుకుని వెళ్లింది. ఆ సాయంత్రం నలభైమంది పిల్లల ముందు ప్రార్థనలో నేను గొంతెత్తాను. "జైల్లో ఉన్న మాలతి తండ్రిని విడిపించు ప్రభువా." నా గొంతూ వణికింది కెజియా. ఆ వణుకు నాకు తెలుసు.

మరుసటి పొద్దున భోజనాల దగ్గర మాలతి పక్కన ఎవరూ కూర్చోలేదు. నాలుగో రోజు వాళ్లమ్మ వచ్చి రేకు పెట్టె తీసుకుని పిల్లను పిలుచుకుపోయింది. ఆ పిల్ల మళ్లీ ఏ బడికీ పోలేదని తర్వాత తెలిసింది.

ప్రతి రాత్రీ దేవుణ్ణి క్షమించమని అడిగాను. దేవుణ్ణి అడగడం తేలిక. ఆయన ముఖం తిప్పుకోడు, ఎదురు తిట్టడు. మాలతిని మాత్రం అడగలేదు. రామకుప్పానికి ఇక్కడి నుంచి బస్సులో గంట కూడా పట్టదు. మొదట పని ఉందని పోలేదు, తర్వాత చాలా కాలమైందని పోలేదు, ఇప్పుడు చెవులు వినిపించవని పోవడం లేదు.

రాజీనామా కాగితం పక్కన పెట్టు. అది ఇచ్చేస్తే నీ మనసు తేలికవుతుంది, సింధూజకు ఒరిగేదేమీ లేదు. ముందు మదనపల్లెకు పో. క్షమించమని అడుగు, క్షమించిందా అని అడగకు. తర్వాత యూత్ ముందు నీ తప్పు చెప్పు. నీ తప్పు మాత్రమే, ఆమె సంగతి మళ్లీ ఎత్తకు. నువ్వు ఉండాలో పోవాలో అప్పుడు వాళ్లు చెబుతారు.

నేను పోలేదు. నువ్వు పో.

ఈశ్వరమ్మత్త


మదనపల్లె,
ఆగస్టు 25.

అత్తా,

టమాటా మార్కెట్ బయట టీ బంకు దగ్గర బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. పేజీ మీద మరక కనబడితే అది టమాటాదే.

మూడు సార్లు వచ్చాను. మొదటిరోజు సందుసందూ తిరిగి కనుక్కునేసరికి ఎనిమిదైంది. కాయలు వేలం వేసే ఒక మండీలో పదిమంది ఆడవాళ్లు రాశుల ముందు కూర్చుని ఉన్నారు. దోరకాయలు ఒక క్రేటులోకి, పండినవి ఒక క్రేటులోకి, పగిలినవి పక్కకు. సింధూజ నన్ను చూసి తల దించుకుంది. నారాయణమ్మ అని ఆమె పక్కన ఉండే పెద్దావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది. సింధూజ ఉండేది వాళ్లింట్లోనే.

"ఎవురమ్మా నువ్వు? ఓహో, ఆ ప్రార్థన సేసిన అక్కవి నువ్వేనా?" అనింది. నేను తల ఊపాను. "మేము గూడా మొక్కుకుంటాం తల్లీ. గుళ్లో నిలబడి మా అగచాట్లు మేం సెప్పుకుంటాం. పక్కింటోళ్లవి సెప్పం." పది మందీ నవ్వారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది, కానీ ఆమె అన్నదాంట్లో తప్పేముంది?

సింధూజ ముందు మోకాళ్లమీద కూర్చున్నాను. "నీ మాట నువ్వు నాకిచ్చినావు. దాన్ని నేను నా గొప్పకు వాడుకున్నా. తప్పు నాది" అన్నాను. ఇంటి దగ్గర ఇంకా చాలా అనుకుని వచ్చాను, అక్కడ ఏదీ నోటికి రాలేదు. ఆమె తలెత్తలేదు. రాశిలోంచి కొన్ని కాయలు నా వైపు తోసింది. అంతే. పది గంటలదాకా ఏరాను.

రెండోసారి కూడా అంతే. మూడోసారి, అంటే ఈ పొద్దు, ఒక మాట అనింది. "పగిలిండేది ఆ క్రేటులో ఎయ్యొద్దు." నేను తీసేశాను. ఈ ఒక్క మాటకు దేవునికి స్తోత్రం చెప్పుకుంటూ టీ తాగుతున్నాను. నవ్వకు.

పోయిన శనివారం యూత్ ముందు నా తప్పు చెప్పాను. ఆమె సంగతి ఎత్తలేదు. రాజీనామా కాగితం బల్ల మీద పెట్టాను. యువరాజ్ లేచి, "నువ్వు సెప్పినావు, మేం ఇన్యాం. ఇని ఇంట్లో సెప్పినాం. నేను మాయమ్మకు సెప్పినా. మరి నేనేం రాజీనామా సెయ్యాల, కీబోర్డా?" అన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే ఎవరెవరికి చెప్పారో ఒప్పుకున్నారు. కాగితాన్ని డిసెంబరు దాకా పాస్టరుగారి దగ్గర ఉంచమన్నారు.

కానీ సింధూజ ఇంటికి పోలేదు. తల్లి రమ్మనలేదు. కృష్ణవేణి ఆంటీ "అదే రావాల" అంటోంది, ఈమె "ఆయమ్మే పిలవాల" అంటోందని నారాయణమ్మ చెప్పింది. ఆ ఇద్దరి మధ్య గోడ కట్టింది నేను. దాన్ని ఎలా తీయాలో తెలియడం లేదు.

బస్సు టైమవుతోంది.

కెజియా


కుప్పం,
సెప్టెంబరు 12.

కెజియాకు,

నీ మరకల ఉత్తరం చదివి నాకు సిగ్గేసింది. ఇరవై మూడేళ్ల పిల్ల మూడుసార్లు పోయింది, డెబ్భై ఏళ్లదాన్ని ఒక్కసారి పోలేనా? పోయిన సోమవారం బస్సెక్కాను.

రామకుప్పంలో దిగి ఆటోలో పల్లెకు పోయాను. మాలతి ఇంటి ముందు చేటలో రాగులు చెరుగుతోంది. నలభై ఏళ్ల మనిషి. నన్ను చూడగానే గుర్తుపట్టింది, చేట ఆగిపోయింది. నేను నిలబడే చెప్పాను. "మీ అమ్మ నాకొక్కదానికే చెప్పిన మాట నలభైమందికి చెప్పాను. నీ చదువు పోవడానికి నేనే కారణం. అడగడానికి ఇన్నేళ్లు పట్టింది. క్షమించమ్మా."

ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. చాలాసేపు మాట్లాడింది. చేతులు తిప్పింది, కళ్లు ఎర్రబడ్డాయి, ఒకసారి చేట తీసి నేలకు కొట్టింది. నాకు ఒక్క మాట వినిపించలేదు కెజియా. అయినా ఆపలేదు. ఆమె మాటలు అయిపోయేదాకా నిలబడి ఉండటమే న్యాయమనిపించింది. అయిపోయాక, "అమ్మా, నా చెవులు పోయాయి, నువ్వన్నది వినిపించలేదు" అన్నాను.

ఆమె నన్ను అలాగే చూసింది. తర్వాత నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. లోపలికెళ్లి క్యాలెండరు కాగితం చించుకొచ్చి దాని వెనక రాసింది. పెద్ద పెద్ద అక్షరాలు, ఏడో తరగతిలో ఆగిపోయిన అక్షరాలు. "నేను తిట్టినాను. మల్లా రాయను. సాయంత్రమైతే అడవిలో నుంచి ఏనుగులు దిగతాయి. ఈ పొద్దు ఈడే ఉండండి."

ఉన్నాను. రాగిముద్ద, ఉలవచారు పెట్టింది. నేను క్షమించావా అని అడగలేదు, ఆమె చెప్పలేదు. పొద్దున బస్టాపుదాకా వచ్చి సంచి పట్టుకుంది.

నువ్వు పోయావు కాబట్టి నేను పోయాను. ఈ మాట నీకు చెప్పకపోతే నా అంత కృతఘ్నురాలు ఉండదు. ఆ తల్లీకూతుళ్ల సంగతిలో నాకు కూడా ఉపాయమేదీ తోచడం లేదు. పోవడం మాత్రం మానకు.

ఈశ్వరమ్మత్త


పుంగనూరు,
అక్టోబరు 20.

అత్తకు నీ కెజియా ప్రేమతో, వందనాలతో రాస్తున్నది.

నీ ఉత్తరాన్ని నేనూ పెట్టె అడుగున దాచాను. ఎవరికీ చూపించలేదు, నాన్నకు కూడా. "అక్క ఏం రాసింది" అని రెండు రోజులు నా వెనకాలే తిరిగాడు. "రామకుప్పం పోయొచ్చింది, ఆరోగ్యంగా ఉంది" అని మాత్రం చెప్పాను.

మార్కెట్‌కు పోవడం మానలేదు. సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున వర్షానికి పని ఆగిపోయింది. అందరం రేకుల కింద నిలబడ్డాం. సింధూజ తనంతట తానే నా పక్కకొచ్చి నిలబడింది. చదువు ఎందుకు మానేసిందో చెప్పింది. నేను అడగలేదు. చెప్పడం అయ్యాక, "ఈ మాట ఈ సారి గూడా బయటికి పోతాదేమో సూస్తా" అనింది. నేనేమీ ప్రమాణాలు చేయలేదు. చేస్తే నమ్మేదా?

వారం తిరక్కుండానే పరీక్ష వచ్చింది అత్తా. డీఎస్సీది కాదు. కృష్ణవేణి ఆంటీ మా ఇంటికొచ్చింది. జూలై తర్వాత నా ముఖం చూడటం అదే మొదలు. మనిషి సగమైంది. ముందు నేను చేసిన తప్పుకు ఆమెను కూడా క్షమాపణ అడిగాను. ఆమె పట్టించుకోలేదు.

"నువ్వు ఆడికి పోతాండావని తెలుసు. యాల మానేసిందో, ఎందుకు మానేసిందో నీకు సెప్పుంటాది. సెప్పు" అనింది.

"సెప్పింది ఆంటీ. కానీ అది మీరు సింధూజ నోటితోనే ఇనాల" అన్నాను.

"కన్నతల్లిని అడుగుతాండా!"

"అందుకే ఆంటీ."

ఆమె ఏడ్చింది. అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి, చెప్పెయ్యవే అన్నట్టు సైగ చేసింది. అప్పుడు కృష్ణవేణి ఆంటీ లేచి నిలబడి అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను. "ఆ పొద్దు అడక్కుండా సెప్పినావు. ఈ పొద్దు అడిగితే సెప్పవా?"

"బిడ్డ బాగుండాది ఆంటీ, కడుపు నిండా తింటాండాది. ఇంతకంటే నేను సెప్పలేను" అన్నాను. ఆమె తలుపు దబాలున వేసి వెళ్లిపోయింది. ఆ రోజంతా నేను చేసింది సరో తప్పో తెలియక కొట్టుమిట్టాడాను. రెండుసార్లు వాళ్లింటి సందుదాకా పోయి వెనక్కొచ్చాను.

మరుసటి పొద్దున మొదటి బస్సుకు ఆమె మదనపల్లెకు వెళ్లింది. నేను చెప్పి ఉంటే పోయేది కాదు, ఇంట్లోనే కూర్చుని ఏడ్చేది. ఇది నా తెలివి కాదు, జరిగాక అర్థమైంది. నేను అక్కడ లేను, తర్వాత నారాయణమ్మే చెప్పింది. "ఆయమ్మ వొచ్చి కూతురి పక్కన కూసోని కాయలు ఏరింది. ఏరతా ఏరతా 'యాల మానేసినావు పాపా' అనింది. ఈ పిల్ల సెప్పింది. ఇద్దురూ ఏడ్సినారు. మండీ ఆయన వొచ్చి, కాయలు తడిసిపోతాయమ్మా అన్న్యాడు."

సాయంత్రం బస్సుకు ఇద్దరూ కలిసి ఇంటికొచ్చారు. ఏం చదవాలి, ఎప్పుడు చదవాలి అనేది వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు. జనవరి దాకా మార్కెట్‌కే పోతుందట, ఇప్పుడు క్యారియర్ తల్లే తెలిసి కడుతోంది. నేను సలహా ఇవ్వలేదు, నన్ను అడగలేదు.

నిన్న శనివారం సింధూజ యూత్‌కు వచ్చింది. ఆలస్యంగా వచ్చింది, పాట పాడమని ఎవరూ అడగలేదు. ఆ నియమం నేనే తీసేశాను. గొలుసు ప్రార్థనలో నా వంతు వచ్చింది. ఏం చెప్పాలా అని చూశాను, చెప్పాల్సింది కొంచెమే ఉంది. "ప్రభువా, మా సంగతులన్నీ నీకు తెలుసు. మమ్మల్ని ఒకరికొకరిని ఇచ్చినందుకు స్తోత్రం. ఆమేన్." ఇంకా ఉందనుకుని ఎవరూ కళ్లు తెరవలేదు. పక్కన కూర్చున్న యువరాజ్ కూడా మొదలుపెట్టకుండా అలాగే ఉన్నాడు. చివరికి సింధూజ ఒక కన్ను తెరిచి, "అయిపోయిందా అక్కా?" అనింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పిల్ల నన్ను అక్కా అనడం జూలై తర్వాత ఇదే మొదలు.

అత్తా, నువ్వు నన్ను మందలించినందుకు, నీ సంగతి దాచుకోకుండా రాసినందుకు, రామకుప్పం బస్సెక్కినందుకు నా కృతజ్ఞతలు. ఇంత పెద్ద ఉత్తరంలో సింధూజ చదువు ఎందుకు మానేసిందో మాత్రం లేదేమిటా అని నువ్వు ఈపాటికి కాగితం తిరగేసి చూసి ఉంటావు. వెనక కూడా లేదు.

నీ కెజియా